ఇంకా రెండు చుట్లు

రెండు చుట్లు, అంతే, ఇంకో రెండు చుట్లు తిరిగితే అయిపోయేది, ఈ వాన కాసేపు ఆగి కురిస్తే దాని సొమ్మేం పోయింది, ఎర్రజెండా ఊపేశారు, ఉన్న కార్లన్నీ గీత వెనకాల వరసగా నిలపమన్నారు, నిలిపాను, ఇంజిను కట్టేయమన్నారు, కట్టేశాను, అక్కడే నా ప్రాణం ఉసూరుమంది. ఎందుకంటే మా బండి వేడి మీద ఆగితే మళ్లీ లేవదు. చల్లగా ఉన్నప్పుడు బటన్ నొక్కీ నొక్కగానే లేస్తుంది, ఒళ్లు కాలాక ఆపితే మాత్రం మొండికేస్తుంది, పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుంది, నొక్కీ నొక్కీ బ్యాటరీ చావాలి తప్ప ఇంజిను పలకదు. వాన తగ్గాక పచ్చజెండా చూపిస్తారు, అప్పుడు ఎవరి బండి వాళ్లే లేపుకోవాలి, టీమువాళ్లు వచ్చి చెయ్యి వెయ్యకూడదు, తొయ్యకూడదు, డ్రైవరు దిగకూడదు. లేవని బండిని తాడు కట్టి పక్కకి లాగేస్తారు. లాగేస్తే ఇక అంతే, మా బండి పుట్టిన దగ్గర్నుంచి ఒక్క పందెమూ ముగించకుండా పోయినట్టు. ఇది ఈ సీజనులో ఆఖరిది. వచ్చే నెల దీని చట్రం కోసేస్తారు, మా కాలేజీలో అది పద్ధతి, పాత బండి కోసి పైపులు కింది బ్యాచ్‌కి ఇచ్చేయాలి, వాళ్లు కొత్తది కట్టుకోవాలి. ముగించిన బండైతే కోయరు, గేటు పక్కన షెడ్డులో నిలబెడతారు. ఆ షెడ్డులో ఇప్పటికి ఒక్క బండీ లేదు, సైకిళ్లున్నాయి.

రేడియో కూడా ఆ బ్యాటరీ మీదే. నేను ఇంజిను కట్టేయగానే చెవిలో గోవింద్ గొంతు, రేఖా, ప్లీజ్ స్విచ్ ఆఫ్ రేడియో, సేవ్ బ్యాటరీ, ఓవర్, అని. ప్లీజట. ఓవరట. కళింగపట్నం ఇసకలో పొర్లి పెరిగినవాడు, నాలుగేళ్లుగా నన్ను ఒసే గుంటా అని తప్ప పిలవనివాడు, ఇప్పుడు విమానం నడిపేవాడిలా ప్లీజ్ అంటున్నాడు. నేనూ ఓకే అన్నాను, అంతకంటే ఏమంటాను, కట్టేశాను. పిట్స్‌లో అంటే టీములుండే చోట కంప్యూటరు ముందు కూర్చుని ఇంజిను వేడి ఎంతుందో చూసి నాకు చెప్పడం వాడి పని. నాకు ఇక్కడ ఆ వేడి కనిపించదు, ఎదురుగా ఓ ఎర్రదీపం ఉంది గానీ అది వెలిగేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అంటే బండిలో ఉన్నంతసేపూ నాకు కళ్లు ముందుకే, ఇంజినుకు కళ్లు గోవిందే. రెండో పందెం నుంచి మా ఇద్దరి మధ్యా రేడియో మాటలు తప్ప వేరే మాటలు లేవు, ఇప్పుడు అవీ లేవు, వాన చప్పుడు ఒక్కటే, హెల్మెట్ మీద రేకుల షెడ్డు మీద పడ్డట్టు పడుతోంది.

నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, ఎక్కడికీ పోవు, సీట్లోకే. ఇది నా ఒంటికి పోసిన సీటు, ఇంకొకళ్లకి పట్టదు. చట్రంలో ప్లాస్టిక్ సంచి పరిచి, దాని మీద నన్ను కూర్చోబెట్టి, కిందినుంచి ఏదో నురగ మందు పోశారు, అది పాలు పొంగినట్టు పొంగి, వీపు కింద, నడుం పక్కల, తొడల కింద దూరి గట్టిపడింది, గట్టిపడేటప్పుడు కాలింది కూడా, నేను కేకలేస్తుంటే గోవింద్ నా భుజాలు నొక్కిపట్టి, కదలకే, కదిల్తే వొంకరొస్తాది, జన్మంతా వొంకరగా కూకోవాలి, అన్నాడు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆ సీటు నిండా నీళ్లు. కింద ఒక కన్నం పెట్టరా నీళ్లు పోవడానికి అంటే వింటాడా. కన్నం అనే మాట వింటే వాడికి ఒళ్లు జలదరిస్తుంది. వాడి మావ అప్పలసూరి, రేవులో ఫైబర్ పడవలకు మరమ్మతులు చేస్తాడు, సెలవులిస్తే వీడు అక్కడే, గుడ్డ పరిచి జిగురు పూసి పొర మీద పొర వేయడం వీడికి వెన్నతో పెట్టిన విద్య, అందుకే బండికి పైతొడుగు చేసే పని వీడికి ఇచ్చారు. చేశాడు. ముక్కు చూస్తే పడవ ముక్కే. పక్కలు నున్నగా, ఎక్కడా సందు లేకుండా, ముచ్చటగా ఉంది, కాదనను, కానీ ఇంజిను చల్లబడాలంటే గాలి లోపలికి పోవాలి కదా, పక్కలకి పెద్ద నోళ్లు ఉండాలి కదా, వీడు పిల్లి దూరేంత కూడా పెట్టలేదు. ఏంట్రా ఇది అంటే, అంతంత కన్నాలెడితే నీరొచ్చీయదా మరి, అన్నాడు, అనేసి తనే నాలుక కరుచుకున్నాడు. రోడ్డు మీద తిరిగే బండిలోకి నీళ్లెక్కణ్ణుంచి వస్తాయని టీమంతా పడీపడీ నవ్వాం. ఇదిగో, ఇక్కణ్ణుంచి వచ్చాయి, నెత్తి మీద నుంచి. ఇప్పుడు చూస్తే నా తొడల దాకా ఉన్నాయి.

కానీ ఈ వాన మంచిదే, ఎంత కురిస్తే అంత చల్లబడుతుంది, కురవనీ, వెనకాల ఇంజిను మీద చుక్క పడినప్పుడల్లా చుయ్యిమంటోంది, పెనం మీద నీళ్లు చిలకరించినట్టు, ఆ చప్పుడు ఆగిపోవాలి, ఆగితే లేస్తుంది. మరీ ఎక్కువసేపు కురిసినా కష్టమే, వెలుతురు పోతే పందెం రద్దు, రద్దయితే ముగించినట్టు రాయరట. శృంగవరపుకోట వైపు కొండలు అసలు కనిపించడం లేదు, ఈ పక్క జీడితోటలు నల్లగా నానిపోయి ఉన్నాయి, ఎప్పుడో యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసి వదిలేసిన ఈ సిమెంటు పట్టీ చెరువులా మెరుస్తోంది. కంచె అవతల గొడుగుల్లో మా నాన్న గొడుగు గుర్తుపట్టాను, పొందూరు సంతలో కొన్నది, ఒక ఊచ విరిగింది. నాన్న నావైపు చూడడం లేదు, ఆకాశం వైపు చూస్తున్నాడు. చూడక ఏం చేస్తాడు, కోసిన వరి పొలంలోనే పనల మీద ఉంది. వాన ఆగాలని ఆయన, ఆగకూడదని నేను, ఒక్క ఇంటివాళ్లం, దేవుడు ఎవరి మాట వినాలి. పాపం, మనసులో ఇంత పెట్టుకుని కూడా వచ్చాడు. వచ్చి పొద్దున బండి చుట్టూ ఒకసారి తిరిగి, మన ట్రాక్టరు టైరుకున్న అచ్చులు కూడా లేవేటే దీనికి, జారిపోదా, అన్నాడు. జారదు నాన్నా, అన్నాను. తర్వాత ఆ టైర్లు తీసి వాన టైర్లు వేసింది గోవిందే, మబ్బు చూసి, ఎవరూ చెప్పకుండానే. ఆ మాట నాన్నకి చెప్పలేదు, ఎందుకు చెప్పలేదో.

సాలు అన్నది నాన్న మాట. అసలు గొడవంతా ఆ మాటతోనే. పదో తరగతి సెలవుల్లో నాకు ట్రాక్టరు తోలడం నేర్పింది నాన్న, గట్టు మీద నిలబడి, నాగలి గీత పక్కకి పోతోందంటే చాలు, సాలు, సాలు, అని అరిచేవాడు, అంటే సాలు తప్పుతున్నావు, సాలు పట్టుకో అని. ఒకసారి గీత పడిందంటే దాని పక్కనే ఇంకో గీత పడాలి, వెనక్కి చూడకూడదు, ముందు చక్రం సాల్లో ఉందా లేదా అదే చూడాలి. నా చేతులకి ఆ మాట అలా అలవాటైపోయింది, చెవిన పడితే చాలు, చేతులు వాటంతటవే స్టీరింగ్ బిగించి పట్టుకుంటాయి. మొన్న వేసవిలో ఊరి బయట కొత్త రోడ్డు మీద బండి తోలడం సాధన చేసేటప్పుడు కూడా నాన్న వచ్చాడు, మలుపు దగ్గర టైర్లు పెట్టాం, నేను గీత వదిలి పక్కకి పోయినప్పుడల్లా నాన్న, సాలు, సాలు, అని కేకలు, టీమంతా నేర్చుకున్నారు, పందెంలో మలుపు తిరిగే దారిని అందరూ ఎంచక్కా సాలనే పిలవడం మొదలెట్టారు. అందరూ అంటే గోవింద్ తప్ప. మేము రోడ్డు మీద ఉన్న ఆ పదిరోజులూ వాడు కాలేజీ వర్క్‌షాపులో గుడ్డా జిగురూ పట్టుకుని పైతొడుగు చేస్తున్నాడు. వాడికి సాలంటే ఒక్కటే, ఇంక సాలు, ఆపెయ్, పెట్టింది సాలు, తిన్నది సాలు. వాళ్ల అమ్మా అంతే, మా అమ్మా అంతే, అన్నం వడ్డిస్తుంటే మేమూ సాలు సాలంటూనే చెయ్యి అడ్డం పెడతాం, మరి ఆ సంగతి నాకెందుకు తట్టలేదు, తట్టదు, స్టీరింగ్ చేతిలో ఉన్నప్పుడు అన్నం ఎవరికి గుర్తొస్తుంది.

మొదటి పందెం కోయంబత్తూరులో. అక్కడ మేము పరుగెత్తనేలేదు, బ్రేకు నొక్కితే నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకోవాలి, మాకు మూడే బిగిశాయి, వెళ్లిరండి అన్నారు. పోనీ అనుకున్నాం. పక్క టీమువాడు మా బండిని చూసి, ఇది చేపలకా, పందేనికా, అన్నాడు, గోవింద్ వాడితో, రెండిటికీ, నువ్వు వలలో పడేదాకా తెలీదు, అన్నాడు, అప్పుడు వాడి నోరు అలా ఉండేది. రెండో పందెం చెన్నై అవతల. ఎండ మండిపోతోంది, బండి బ్రహ్మాండంగా పోతోంది, సగం పైగా అయిపోయింది, ముగిస్తాం అనుకున్నాను, నిజంగా అనుకున్నాను, అప్పుడు రేడియోలో గోవింద్, ఒసే గుంటా, సాలు. మలుపులో ఉన్నాను. చేతులు బిగించాను. మళ్లీ, సాలు, సాలు గుంటా, సాలే, అని గొంతు చించుకున్నాడు. వీడికి కూడా సాలు తెలిసిందే అని సంతోషం వేసింది నాకు, నా ఖర్మ, గీత తప్పుతున్నానేమోనని ఇంకా బిగించి, ఇంకా తొక్కి, ఆ మలుపంత అందంగా నేనెప్పుడూ తిరగలేదు, తిరిగి బయటికి రాగానే ఎర్రదీపం, వెనకాల ఫట్‌మని, ఇక అంతే, ఇంజిను బిగుసుకుపోయింది, బండి గడ్డిలోకి పోయి ఆగింది.

పిట్స్‌కి నడిచి వచ్చేసరికి వాడు ఒంటి కాలి మీద లేచాడు. సాలన్నాను కదే, ఎన్నిసార్లన్నాను, సెవుడా నీకు, అన్నాడు. సాలన్నావు కాబట్టే పట్టుకున్నాను, అన్నాను. ఏటి పట్టుకున్నావు, అన్నాడు. అప్పటికి ఇద్దరికీ అర్థమైంది. అర్థమైతే నవ్వాలి కదా, ఇంకో రోజైతే కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం, కానీ నూనె కారుతున్న ఇంజిను మధ్యలో పెట్టుకుని ఎవరు నవ్వుతారు. సాలంటే ఏటో తెలీనోణ్ణి రేడియోలో ఎవడు కూకోబెట్టేడు, అన్నాను, నలుగురిలో అన్నాను. గోవింద్ నా ముఖంలోకి చూసి, మా సముద్రంలో సాల్లుండవు రేఖా, అన్నాడు, మెల్లగా. రేఖా అన్నాడు, ఒసే అనలేదు. అక్కడితో సరి. తిరిగొచ్చాక మా జగన్నాధం సారు, టీముకి ఆయనే పెద్ద, పంచాయితీ తీర్చినట్టు, ఇకమీదట రేడియోలో ఇంగ్లీషే, తెలుగు వద్దు, అని తేల్చేశారు. బాగుంది. వేడెక్కితే వాడు టెంపరేచర్ హై అంటాడు, నేను విన్నానని కాపీ అంటాను. వాడి ఇంగ్లీషు ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లికొచ్చినట్టుంటుంది, ఒక్క మడత నలగదు. ఇంజిను విప్పి మళ్లీ కట్టినన్నాళ్లూ పక్కపక్కనే ఉన్నాం, స్పానర్ అంటే అందించాడు, బోల్టు అంటే అందించాను. పక్కలకి ఇంతింత నోళ్లు తనే కోశాడు, తను ముద్దుగా నున్నగా చేసిన తొడుగుని తనే రంపం పెట్టి కోస్తుంటే వద్దులేరా అందామని నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు.

నేనేం తప్పు చేశానని ముందు నేను మాట్లాడాలి. వాడూ అదే అనుకుంటాడు, వాడి బెట్టు నాకు తెలీదా. మొదటి ఏడాది కాలేజీ బస్సులో పక్క సీటు, మా నాయనమ్మ నూలు వడుకుతుంది, పత్తిని చేప దవడతో దువ్వుతుంది అంటే నమ్మలేదు, సేపల సంగతి నాకే సెప్తావేటి, అన్నాడు. మర్నాడు నాయనమ్మ దగ్గర ఒకటి అడిగి తెచ్చి చేతిలో పెట్టాను, సన్నటి పళ్లున్న వాలుగ దవడ. తిప్పి చూశాడు, వేలు పెట్టి చూశాడు, ఇది ఏటి సేప, సముద్రం సేప కాదు, అందుకే తెలీదు, అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఓడిపోయాను అనడు. నేనూ అనను. అలాంటి ఇద్దరు ఒక బండి కట్టారు. కట్టేటప్పుడు బాగానే ఉంది, ఒకడు కన్నాలొద్దంటే ఒకతి కావాలంటుంది, అరుచుకుంటాం, టీ తాగుతాం, మళ్లీ అరుచుకుంటాం. ఈ ప్లీజులూ ఓవర్లూ నా వల్ల కాదు. నాకు వాడు కావాలి, నా మీద అరిచే గోవింద్, అంతే, ఇందులో దాచుకునేదేముంది.

చుయ్యిమనడం ఆగింది. ఎప్పుడు ఆగింది, గమనించలేదు. వాన కూడా సన్నబడింది, గ్లవ్ తీసి చెయ్యి వెనక్కి చాచి బండి పైతొడుగు మీద పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది, ఇంకొంచెం చల్లబడితే బాగుండు, ఇంకొంచెం, కానీ పసుపు కోటు వేసుకున్న అధికారులు నీళ్లలో తపతపలాడుతూ అటూ ఇటూ తిరుగుతున్నారు, ముందున్న బండి డ్రైవరు చేతులు విదిలించుకుంటున్నాడు, వద్దు, అప్పుడే వద్దు. సిమెంటు మీద నీళ్లు పక్కలకి జారుతున్నాయి. బ్యాటరీకి ఒక్క నొక్కుడు బలం ఉంటుంది, మహా అయితే రెండోది, మూడోదానికి ఆశ లేదు. పచ్చజెండా లేచింది. ముందున్నవి లేస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి, చెవులు గింగురుమంటున్నాయి. నొక్కాను. గుర్రుమంది, తిరిగింది, పలకలేదు. వెనకున్న బండి పక్కనుంచి దూసుకుపోయింది. తాడు పట్టుకుని ఒకడు నావైపు రావడం మొదలెట్టాడు, ఆగవయ్యా, నీకేం తొందర. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి, ఆవిరి ఉంటే బయటికి పోనీ అని, కళ్లు మూసుకుని రెండోసారి నొక్కాను. గురగుర, గుర, ఇంకా మెల్లగా, గుర, అయిపోయింది అనుకున్నాను, దగ్గింది. మళ్లీ దగ్గింది. లేచింది. ఒళ్లంతా అదిరిపోయేలా లేచింది, నేను ఏదో అరిచాను, ఏం అరిచానో నాకే తెలీదు, గేరు వేశాను, తాడువాడు పక్కకి గెంతాడు.

ఇంజిను తిరుగుతోంది కాబట్టి ఇక బ్యాటరీకి భయం లేదు. రేడియో వేశాను. వేయగానే గోవింద్ గొంతు, మాట మధ్యలో, అప్పటికే మాట్లాడుతూ ఉన్నాడు.

"...నానేటి సేసీది మరి, నువ్వే నలుగుర్లో అలాగ అనీసరికి..."

"గోవిందూ?"

టక్కున ఆగిపోయాడు.

"ఒసే గుంటా! లేచిందే! సూస్తన్నాను, లేచింది!... రేడియో ఎప్పుడేసేవు?"

"ఇప్పుడే. ఇంతసేపూ ఎవరితో మాటాడతన్నావురా?"

"నీతోనే. అంటే... కట్టేసున్నాదని తెలుసు. ఇన్నేదు కదా?"

"ఇన్నేదు. మళ్లీ సెప్పు."

"సెప్పను. తోలు ముందు."

తోలాను. మొదటి చుట్టు, నీళ్లు ఎగజిమ్ముతున్నాయి, ముఖం అద్దం మీద మట్టి, ఇంజిను ఏడి బాగానే ఉన్నాదే, తోలు, అంటాడు, కాసేపటికి మళ్లీ, బాగానే ఉన్నాది, అంటాడు, ఇంగ్లీషు ఎక్కడికి పోయిందో, జగన్నాధం సారు వాడి వెనకాలే నిలబడి ఉంటారు, ఏమనుకుంటున్నారో. నాకు ఏడుపొస్తోంది, నవ్వూ వస్తోంది, మలుపులో ఈ రెండూ పనికిరావు. ఇంకొక్క చుట్టు. నా ముందు ఒక బండి తిరిగిపోయి టైర్లలో దూరింది, దాన్ని దాటాను. గోవింద్ గొంతు మారింది. ఏడెక్కతన్నాది, మెల్లగా ఎల్లు, ఎవలెల్లిపోయినా పర్లేదు, మెల్లగా. ఎందుకని అడగలేదు, ఎంత అని అడగలేదు, కాలు తీశాను. రెండు బండ్లు నన్ను దాటుకుని పోయాయి, పోనీ. ట్రాక్టరంత మెల్లగా ఆఖరి మలుపు తిరిగాను, దూరంగా నలుపూ తెలుపూ గళ్ల జెండా పట్టుకున్న మనిషి, ఆ జెండాని ఇప్పటిదాకా పక్కవాళ్ల కోసం ఊపడమే చూశాను, అది తడిసి కర్రకి చుట్టుకుపోయింది, ఆయన విదిల్చి విప్పి, నా కోసం, నాకే, ఊపాడు. దాటాను.

దాటేశాక ముందు దారి రెండుగా చీలి ఉంది. ముగించిన బండ్లని వేరే ఎక్కడో నిలబెట్టాలి, పొద్దున మీటింగులో చెప్పారు, ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి మా టీములో ఎవరం చెవిన పెట్టలేదు, మనకెందుకులే అని. ముందు పోయిన బండ్లు కనిపించడం లేదు. కుడికా, ఎడమకా.

"ఒరే గోవిందూ, ఇప్పుడెటెల్లాలిరా?"

రేడియోలో ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"నాకేటి తెలుసే? మనం ఎప్పుడైనా ఇంతదూరం వొచ్చేమేటి?"